దేశం నాలుగోది సరే, మన వాడ ఎన్నోది?

2025 ఆగస్టు 15న మేము పనిచేసే బడిలో జెండా ఎగరేశారు. ఏటా ఎగరేసేదే. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దమనిషి ఈసారి కొత్త సంగతి చెప్పాడు. మన దేశం జపాన్‌ను దాటేసిందట. ప్రపంచంలో నాలుగో పెద్ద ఆర్థిక వ్యవస్థ అయిందట. ప్రతి భారతీయుడూ రొమ్ము విరుచుకుని తిరగాల్సిన రోజులు వచ్చాయన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం. ముందురోజు సాయంత్రం జెండా దిమ్మెకు సున్నం వేసి, బడి ఆవరణంతా ఊడ్చిన ఆయమ్మ గేటు పక్కన నిలబడి ఉంది. మూడు నెలలుగా ఆమె చేతికి జీతం రాలేదు. ఆమె కూడా చప్పట్లు కొట్టింది.

ఈ సంపాదకీయం ఆ చప్పట్ల గురించి. ఆమె మీద జాలిపడటానికో, మమ్మల్ని మేము తిట్టుకోవడానికో రాయడం లేదు. జీతం రాని మనిషి దేశం సంపద గురించి విని ఎందుకు మురిసిపోతుంది? ఆ మురిపెం దొంగది కాదు, నిజమైనదే. మరి అది ఎవరికి అక్కరకొస్తుంది? దేశం డబ్బు సంపాదించినప్పుడు ‘మనం’ అనే మాట ఎట్లా తయారవుతుంది? ఆ ‘మనం’లోకి ఎవరిని పిలిచి కుర్చీ వేస్తారు, ఎవరిని గేటు దగ్గర నిలబెడతారు? ఇది తేల్చుకోవాల్సిన సంగతి.

ముందు లెక్క చూద్దాం. 2022లో బ్రిటన్‌ను దాటి అయిదో స్థానానికి వచ్చామన్నారు. 2025 మే నెలలో నీతి ఆయోగ్ పెద్దలు జపాన్‌ను దాటామన్నారు. వీళ్లు కొలిచింది ఏడాది కాలంలో దేశం మొత్తమ్మీద తయారైన సరుకుల, సేవల విలువ. దాన్ని డాలర్లలోకి మార్చి పక్క దేశంతో పోలుస్తారు. జపాన్‌లో ఉన్నది 12 కోట్ల చిల్లర జనం. మనం 140 కోట్లు దాటాం. పన్నెండు మంది ఉన్న ఇల్లూ, నూట నలభై మంది ఉన్న ఇల్లూ ఏడాదికి ఒకే మొత్తం సంపాదిస్తే, రెండిళ్లూ సమానమని ఏ ఊళ్లోనూ ఎవరూ అనరు. 2024 లెక్కల్లో మనిషికింత అని పంచి చూస్తే మనకు ఏడాదికి మూడు వేల డాలర్లు కూడా రాలేదు. జపాన్ మనిషికి ముప్పై వేల పైన వచ్చాయి. పైగా ఇది సగటు. ఆసామి తిన్న బిర్యానీనీ పాలేరు తాగిన గంజినీ కలిపి, ఇద్దరూ చెరి సగం బిర్యానీ తిన్నారని చెప్పేదే సగటు.

ఇదే ప్రభుత్వం ఇంకో లెక్క కూడా చెప్పింది. 80 కోట్ల మందికి పైగా జనానికి తిండిగింజలు ఉచితంగా ఇస్తున్నామనీ, 2024 జనవరి 1 నుంచి ఇంకో అయిదేళ్లు ఇస్తామనీ. ఆ బియ్యాన్ని మేము చులకన చేయం. ఆ బియ్యంతో కడుపు నిండే పిల్లలకే రోజూ పాఠాలు చెబుతున్నాం. కానీ ‘ప్రపంచంలో నాలుగోవాళ్లం’ అన్న నోటితోనే ‘80 కోట్ల మందికి గింజలు కొలవకపోతే గడవదు’ అని కూడా అంటున్నప్పుడు, ఈ రెండు మాటలకూ మధ్య ఏం జరిగిందని అడగొద్దా?

అడగనివ్వకుండా చేసేదే ఆ గర్వం. అంకె ఒట్టి అంకెగా ఉంటే ఎవరికీ గర్వం రాదు. దానికో పేరు పెట్టాలి. స్వాతంత్ర్యం వచ్చాక మూడు దశాబ్దాలు దేశం ఏడాదికి నూటికి మూడున్నర చొప్పున మందకొడిగా ఎదిగింది. 1970ల చివర్లో రాజ్ కృష్ణ అనే ఆర్థికవేత్త దానికి ‘హిందూ వృద్ధి రేటు’ అని వెటకారంగా పేరు పెట్టాడు. అదే నిలబడిపోయింది. మెల్లగా ఎదిగితే మతం పేరు, వేగంగా ఎదిగితే జాతి పేరు. ఎండలో నడుం వంచినవాళ్ల పేరు మాత్రం రెండింట్లోనూ లేదు. 2004లో ‘భారత్ వెలిగిపోతోంది’ అని పత్రికల నిండా ప్రకటనలు వేశారు. మన రాష్ట్రంలో ‘విజన్ 2020’ అన్నారు. ఆ ఏడాది ఎన్నికల్లో జనం ఢిల్లీలోనూ హైదరాబాదులోనూ ఆ దీపాలు ఆర్పి ఇంటికి పంపారు. అయినా పాఠం నేర్చుకోలేదు. దీపం పేరు మార్చి మళ్లీ వెలిగిస్తున్నారు.

డబ్బు జాతిని ఎట్లా తయారుచేస్తుందో తెలుసుకోవడానికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. మన కృష్ణా గోదావరి కాలువ గట్ల మీద నడిస్తే చాలు. 1832-33లో గుంటూరు సీమను డొక్కల కరువు మింగింది. ఆ తర్వాత కాటన్ దొర పూనికతో 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయింది. నీళ్లొచ్చాయి. మెట్ట మాగాణి అయింది. ధాన్యం డబ్బయింది. డబ్బు చదువయింది. చదువు ఉద్యోగమూ పత్రికా సభా అయింది. మద్రాసులో అరవవాళ్ల వెనక రెండో వరుసలో కూర్చోవడం నచ్చని ప్లీడర్లు, ఆసాములు ‘మేము ఆంధ్రులం’ అన్నారు. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. దాన్ని మేము తప్పుపట్టడం లేదు. భాష మీద ప్రేమ ఉంది, కాదనం. కానీ ఆ మొక్కకు కాలువ నీళ్లు కూడా పారాయి.

మరి ఆ కాలువలు తవ్విన వడ్డెర్లు, మట్టి తట్టలు మోసిన మాల మాదిగలు, ఆ మాగాణిలో నాట్లేసి, కలుపు తీసి, కుప్పనూర్చిన ఆడోళ్లు మగోళ్లు ఆ సభలో ఎక్కడున్నారు? గోదావరి జిల్లాల్లో కాటన్ దొరకు ఎన్నో ఊళ్లలో విగ్రహాలున్నాయి. ఆయన మెడలో దండ వేస్తే మాకేం అభ్యంతరం లేదు. తట్ట మోసినవాడికి దండ వేద్దామంటేనే మెడ కనిపించదు.

మన తాతలు ఊరుకోలేదు. సరిగ్గా నాలుగేళ్లకు, 1917లో, అదే కృష్ణ ఒడ్డున బెజవాడలో సభ పెట్టారు. గూడూరు రామచంద్రరావు పిలిచారు, భాగ్యరెడ్డివర్మ అధ్యక్షత వహించారు. పిలిచింది పంచముల సభ అని. పంచములం మేమెందుకవుతాం, ఈ నేల మొదటి మనుషులం మేమే అని అక్కడికక్కడే పేరు మార్చుకుని ఆది ఆంధ్ర సభ అన్నారు. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరును కాగితాలకెక్కించింది. ఆ పేరులో ఉన్న తెలివి చూడండి. తమకు వాటా ఇవ్వని జాతిని చూసి మన పెద్దలు ‘మీ జాతి మాకొద్దు’ అని పక్కకు తప్పుకోలేదు. ఆ జాతి పేరుకు ముందు ‘ఆది’ అని చేర్చి, మొదటి హక్కు మాదని చెప్పారు. బడిలో చరిత్ర పాఠం చెప్పేటప్పుడు బాపట్ల సభ పరీక్షకొస్తుంది. బెజవాడ సభ సంగతి మేము పుస్తకం మూసి చెప్పాల్సి వస్తుంది.

కాలువ డబ్బు అక్కడే ఆగలేదు. పొగాకు బారెన్లకూ రైసు మిల్లులకూ సినిమాలకూ హోటళ్లకూ ప్రైవేటు కాలేజీలకూ పారింది. 1982లో ఎన్.టి.రామారావు తెలుగుదేశం పెట్టి తెలుగువాడి ఆత్మగౌరవం అన్నారు. ఢిల్లీ వాళ్ల ముందు చేతులు కట్టుకు నిలబడేది లేదన్నారు. 1983లో జనం గెలిపించారు. మన వాడలూ ఓట్లేశాయి. రెండు రూపాయల బియ్యం మన పొయ్యిల మీదా ఉడికింది. అది మరిచిపోం. కానీ మూడేళ్లు తిరక్కుండానే, 1985 జులై 17న, కారంచేడులో ఆరుగురు మాదిగలను వెంటాడి చంపారు. ఆడవాళ్లను చెరిచారు. తాగే నీళ్ల చెరువు దగ్గర పశువులను కడగొద్దన్నందుకు, మీదకొచ్చినవాళ్లకు ఒక మాదిగ స్త్రీ బిందె అడ్డం ఎత్తినందుకు. కారంచేడు ఆకలితో మాడుతున్న ఊరా? పొలాలు పండే ఊరు, పరపతి ఉన్న ఊరు. ఒక తెలుగువాడి ఆత్మగౌరవం ఢిల్లీ దాకా పోయి తిరిగొచ్చింది. ఇంకో తెలుగువాడి ఆత్మగౌరవానికి చెరువు గట్టు మీదే గొడ్డలి దెబ్బ పడింది. ఈ తేడాను నోరు తెరిచి చెప్పడానికే అదే ఏడాది, చీరాల శిబిరాల కన్నీళ్లలోంచి దళిత మహాసభ పుట్టింది.

ఇంకో రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూద్దాం. 1991 జులై 24న మన్మోహన్ సింగ్ బడ్జెట్ పెట్టారు. ప్రధానమంత్రి మన తెలుగువాడు పి.వి.నరసింహారావు. ఇవాళ్టి ఎదుగుదల కథంతా ఆ రోజుతో మొదలవుతుందని మేమే పిల్లలకు చెబుతున్నాం. ఆ రోజుకు పదమూడు రోజుల తర్వాత, 1991 ఆగస్టు 6న, గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను తరిమి తరిమి చంపారు. శవాలను గోతాల్లో కుక్కి కాలువలో పడేశారు. మొదటి గొడవ సినిమా హాల్లో. చదువుకున్న దళిత కుర్రాడి కాలు అగ్రకులపు కుర్రాడికి తగిలింది. అప్పటికి మేము చిన్న తరగతుల్లో ఉన్నాం. బడ్జెట్ సంగతి మాకు తెలీదు. చుండూరు సంగతి మాత్రం ఇంట్లో పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకుంటుంటే విన్నాం.

ఆ బడ్జెట్ వల్లే ఆ హత్యలు జరిగాయని మేము అనడం లేదు. పక్షం రోజులు తిరక్కుండా రెండు సంగతులు జరిగాయి. దేశం ఒక తేదీని తన కొత్త పుట్టినరోజుగా గుర్తుపెట్టుకుంది. రెండో తేదీని మనకొదిలేసింది. చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007 జులై 31న 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ నిర్దోషులని విడిచిపెట్టింది. 2024లో పీవీకి భారతరత్న ఇచ్చారు. చుండూరు రక్తక్షేత్రంలో పూలు పెట్టడానికి ఇప్పటికీ మనమే పోవాలి.

డబ్బు పెరిగితే కులం దానంతటదే కరిగిపోతుందని చెప్పే పండితులు ఆ సినిమా హాలుకు జవాబు చెప్పాలి. పచ్చగా ఉన్న ఆ డెల్టా ఊళ్లలో ఎదుగుదల ఇద్దరికీ ఎంతోకొంత ఇచ్చింది. ఆసామికి ట్రాక్టరిచ్చింది, పట్నంలో మేడ ఇచ్చింది. మనకు బడి ఇచ్చింది, ఒకరిద్దరికి సర్కారు నౌకరీ ఇచ్చింది, సినిమా టికెట్ కొనుక్కునే చిల్లర ఇచ్చింది. టికెట్ ధర ఇద్దరికీ ఒకటే. ఆ ఒకటే అన్న మాటనే భరించలేకపోయారు. సంపద పెరిగినప్పుడు పైనున్నవాడికి ఆస్తి ఒక్కటే పెరగదు, ‘ఈ ఊరంటే నేను, ఈ జాతంటే నేను’ అన్న ధీమా కూడా పెరుగుతుంది. ఆ ధీమాకు దళితుడి ఇస్త్రీ చొక్కా కూడా తిరుగుబాటులాగే కనిపిస్తుంది.

అట్లాగని ఈ ముప్పై ఏళ్లలో మనకేమీ రాలేదంటే అబద్ధమాడినట్టే. మన కుర్రాళ్లు జీతగాళ్లుగా ఉండటం మానేసి హైదరాబాదుకూ బెంగళూరుకూ పోయారు. తాపీ పనికి పోయారు, ఆటో నడిపారు, కొందరు కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. మా నాయనలు ఆసామి గుమ్మం ముందు చెప్పులు విడిచి నిలబడ్డారు. మా విద్యార్థులకు ఆ గుమ్మంతోనే పనిలేదు. ఇది చిన్న మార్పు కాదు. అయితే ఒక తేడా గమనించాలి. మా ఇళ్లల్లో మొదటి డిగ్రీలు మావి. అవి మార్కెట్ ఇచ్చినవి కావు. సాంఘిక సంక్షేమ హాస్టలు, స్కాలర్‌షిప్పు, రిజర్వేషన్, అంటే బాబాసాహెబ్ రాజ్యాంగం ఇచ్చినవి. మార్కెట్ వల్ల ఊరు విడిచిపోయే దారి దొరికింది. దేశంలోకి వచ్చే దారి ఇంకా ఇరుకుగానే ఉంది.

ఎంత ఇరుకో చూడండి. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ అనే పరిశోధకులు ఒకే రకం చదువులున్న దరఖాస్తులను పేర్లు మార్చి ప్రైవేటు కంపెనీలకు పంపి చూశారు. దళితులని తెలిసే పేర్లకు పిలుపులు తక్కువ వచ్చాయని 2007లో బయటపెట్టారు. 2012లో వెయ్యి పెద్ద కంపెనీల డైరెక్టర్ల బోర్డులను లెక్కపెడితే, నూటికి 93 మంది దాకా అగ్రకులాలవాళ్లే తేలారు. ఎస్సీలూ ఎస్టీలూ కలిపి నూటికి నలుగురు కూడా లేరు. 2011 జనాభా లెక్కల్లో ఎస్సీలం నూటికి 16 మందికి పైగా ఉన్నాం. 2015-16 వ్యవసాయ గణనలో మన సాగులో ఉన్న భూమి నూటికి తొమ్మిది ఎకరాలు కూడా లేదు. 2022లో, అంటే బ్రిటన్‌ను దాటామని చెప్పుకున్న ఏడాదిలోనే, ఎస్సీల మీద నేరాల కింద దేశంలో 57 వేలకు పైగా కేసులు నమోదయ్యాయి. నాలుగో స్థానం చెప్పిన పెద్దమనిషి ఈ అంకెల్లో ఒక్కటైనా చెప్పి ఉంటే మేము ఇంకో రెండు చప్పట్లు ఎక్కువ కొట్టేవాళ్లం.

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగింది. బడిలో టీవీ పెట్టి పిల్లలకు చూపించాం. మాకూ ఒళ్లు పులకరించింది. రెండు నెలలు తిరక్కముందే, 2023 అక్టోబర్ 20న, మురుగు గుంతల్లో దిగి చచ్చిపోయేవాళ్ల కుటుంబాలకు 30 లక్షలివ్వాలని సుప్రీంకోర్టు తీర్పు చెప్పాల్సి వచ్చింది. పాకీ పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం చేశారు, 2013లో ఇంకో చట్టం చేశారు. చంద్రుడి మీద దిగడానికి యంత్రం తయారుచేసిన దేశం మ్యాన్‌హోల్‌లో దిగడానికి మాత్రం మనిషినే వాడింది. తెలివి లేక కాదు, డబ్బు లేక కాదు. దిగేది ఎవరో తెలుసు కాబట్టి.

మన రెండు తెలుగు నేలల గర్వం ఇప్పుడు అమెరికా దాకా పోయింది. మంచిదే. కానీ పెట్టెలో ఆవకాయతో పాటు కులాన్ని కూడా సర్దుకుపోయారు. ఇక్కడి నుంచి పోయిన భారతీయుల మధ్య కులవివక్ష ఉందని ఫిర్యాదులొచ్చే, 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించాల్సి వచ్చింది. ఇక్కడ 2015లో అమరావతికి శంకుస్థాపన చేసి తెలుగుజాతి కలల రాజధాని అన్నారు. ఆ కలకు భూమి తీసుకున్నప్పుడు మొదట ప్రకటించిన ప్యాకేజీలో పట్టా భూమికి ఒక కొలత, దళితులు సాగుచేసుకునే అసైన్డ్ భూమికి అంతకంటే తక్కువ కొలత పెట్టారు. నేల ఒకటే, గట్టు ఒకటే. జాతి ఒకటే అన్నారు కూడా. గజం బద్దలు మాత్రం రెండు.

జపాన్‌ను దాటామన్నారు కాబట్టి జపాన్ సంగతి కూడా కాస్త చెప్పుకోవాలి. అక్కడా మనలాంటివాళ్లున్నారు. బురాకు జనం. పశువుల కళేబరాలెత్తడం, తోలు పని వాళ్ల పూర్వీకుల మీద రుద్దిన పనులు. 1871లోనే ప్రభుత్వం వాళ్ల అంటరానితనాన్ని రద్దు చేసింది. కాగితం మీద. 1922లో క్యోటోలో వాళ్లు తమ సంఘం పెట్టుకున్నారు. ఇక్కడ మన పేరు కాగితాలకెక్కిన ఏడాదే అది. 1968 నాటికి జపాన్ ప్రపంచంలో రెండో పెద్ద పెట్టుబడిదారీ దేశమైంది. అప్పటికి కులం కరిగిపోయిందా? 1975లో ఒక గుట్టు బయటపడింది. బురాకు వాడలు ఏ ఊళ్లో ఎక్కడున్నాయో రాసిన రహస్య జాబితాలను పెద్ద పెద్ద కంపెనీలు డబ్బిచ్చి కొనుక్కున్నాయి. ఉద్యోగానికొచ్చినవాడి చిరునామా అందులో ఉందేమో చూసుకుని పక్కన పెట్టడానికి! కార్లూ టీవీలూ ప్రపంచమంతటికీ అమ్మిన దేశం వాడల పేర్ల పుస్తకం కొనుక్కుంది. ఎదుగుదల కులాన్ని చంపలేదు, దానికి ఫైలు కట్టి బీరువాలో పెట్టింది. ఆ బురాకు జనం పోరాడి 1969లో ప్రత్యేక చట్టం తెచ్చుకున్నారు. దాని కింద ఇళ్లకూ బళ్లకూ రోడ్లకూ 2002 దాకా ప్రభుత్వం ఖర్చు పెట్టింది. ఆ దేశం నుంచి నేర్చుకోవాల్సింది రెండో స్థానమో నాలుగో స్థానమో కాదు, ఈ పోరాటం.

ఇంత మాట్లాడాక మన ఇంట్లోకి కూడా తొంగి చూసుకోవాలి. వచ్చిన కొంచెంలో కూడా అందరికీ సమానంగా అందలేదని 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడి నుంచి దండోరా మోగింది. అప్పుడు మనలో కొందరు చెవులు మూసుకున్నారు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చేసుకోవచ్చంది. 2025 ఏప్రిల్‌లో రెండు తెలుగు రాష్ట్రాలూ అమల్లోకి తెచ్చాయి. మాలలం, మాదిగలం, రెల్లివాళ్లం, ఉపకులాలవాళ్లం, ఆ పంపకంలో ఎవరి బాధ వాళ్లకుంది. కానీ ఊరిని ‘నా వాటా ఏది’ అని అడిగే మనం, పక్క గుడిసెవాడు అదే మాట అడిగితే ‘ఐక్యత చెడగొడుతున్నావు’ అంటే, కాటన్ దొర విగ్రహం దగ్గర మనం అన్న మాటలకు అర్థం లేదు. ఉద్యోగాలొచ్చిన మేము వాడలో ఇల్లమ్ముకుని టౌన్లో కాలనీ కట్టుకుని, కులం పేరు చెప్పడానికి గొంతు తగ్గిస్తున్నాం. ఆ మాట కూడా ఇక్కడే ఒప్పుకుంటున్నాం.

1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ హెచ్చరించారు. ఓటులో సమానత్వం, బతుకులో అసమానత్వం, ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని దేశం ఎంతకాలం నడుస్తుందని అడిగారు. వేల కులాలుగా చీలిన జనం తమను తాము ఒక జాతి అనుకోవడం భ్రమ అన్నారు. జాతి ఇంకా తయారు కాలేదు, తయారుచేసుకోవాలి అన్నది ఆయన మాట సారం. నాలుగో స్థానం ప్రచారం సరిగ్గా దీనికి తిరగబడి నడుస్తోంది. జాతి ఎప్పుడో తయారైపోయిందనీ, ఇప్పుడు ధనవంతమైంది కూడా అనీ, ఇక ప్రశ్నలెందుకనీ. ఎవరైనా కులం పేరెత్తితే దేశం పరువు తీస్తున్నావంటారు. పరువు తీసేది గాయమా, గాయాన్ని చూపించే వేలా?

కాబట్టి మేము అనేదేంటంటే, దేశం ఎదిగినందుకు మనం ఏడవక్కర్లేదు. ఆ ఎదుగుదలలో మన చెమట ఉంది. గర్వపడే హక్కు అందరికంటే మనకే ఎక్కువ. ఆయమ్మ కొట్టిన చప్పట్లు వెనక్కి తీసుకోమని మేము చెప్పం. ఆ చప్పట్లతో పాటు ఆమె జీతం కూడా అడుగుదాం అంటున్నాం. తాతలు ‘ఆది ఆంధ్రులం’ అన్నట్టే, ఈ సంపదకు మొదటివాళ్లం మేమేనని చెప్పి వాటా అడుగుదాం.

అడగడానికి లెక్క కావాలి. ఎదుగుదల లెక్కలో కులం లేదు, గర్వంలో మాత్రం ఉంది. 2025 ఏప్రిల్ 30న కేంద్ర మంత్రివర్గం జనాభా లెక్కల్లో కులాన్ని కూడా రాస్తామని నిర్ణయించింది. 2027 మార్చి 1 తేదీని ప్రాతిపదికగా పెట్టారు. ఎన్యూమరేటరు ఇంటికొచ్చినప్పుడు సిగ్గుపడకుండా, తడబడకుండా కులం, ఉపకులం సరిగా రాయించండి. మా టీచర్లలో చాలామంది ఎన్యూమరేటర్లుగా పోయేవాళ్లే. వాడలోకి పోకుండా ఊరి రచ్చబండ మీద కూర్చుని ఫారాలు నింపితే ఊరుకోబోమని వాళ్లకు ముందుగానే చెబుతున్నాం. తలకాయలు లెక్కపెట్టి ఆపితే కుదరదు. ఏ కులానికి ఎంత భూమి, ఎంత బ్యాంకు అప్పు, ఎన్ని కాంట్రాక్టులు, ప్రైవేటు కంపెనీల్లో ఎన్ని ఉద్యోగాలు, ఈ లెక్క కూడా బయటపెట్టాలి. రాయితీ భూమి తీసుకుని, పన్ను మినహాయింపు తీసుకుని నడిచే కంపెనీలో రిజర్వేషన్ ఎందుకు ఉండకూడదో చెప్పాలి.

ప్రభుత్వం చేసేదాకా కూర్చోనక్కర్లేదు. ప్రతి వాడలో పది దాటి చదివిన పిల్లలు ఇద్దరు చాలు. ఒక నోటుబుక్కు తీసుకోండి. మన వాడలో ఇళ్లెన్ని, ఎకరాలెన్ని, ఆ ఎకరాల్లో ఇంకా మన చేతిలో ఉన్నవెన్ని, నెల జీతం వచ్చేవాళ్లెంతమంది, మధ్యలో బడి మానేసిన పిల్లలెంతమంది, చెప్పినరోజుకు కూలి అందనివాళ్లెంతమంది. ఇంతే రాయండి. వచ్చే జనవరి 26న అంబేద్కర్ విగ్రహం ముందు, జెండా ఎగిరాక, ఆ పేజీ పైకి చదవండి. ఊరి పెద్దలనూ పిలవండి, వినమనండి. ఒక కాపీ మా చిరునామాకు పంపండి. వచ్చినవన్నీ వరసగా అచ్చువేస్తాం.

అప్పుడు ఏ పెద్దమనిషైనా బడికొచ్చి దేశం ఎన్నో స్థానంలో ఉందో చెబితే, మన పిల్లలు చప్పట్లు కొట్టి, చెయ్యెత్తి, ‘మా వాడ ఎన్నో స్థానంలో ఉంది సార్?’ అని అడుగుతారు. జవాబు రాసిన నోటుబుక్కు వాళ్ల చేతిలోనే ఉంటుంది.

జై భీమ్!